కొండకి ఇవతలి వాన

ప్రతి నెలా మొదటి వారంలో మా ఆఫీసుకి నూట పన్నెండు కార్డులు వస్తాయి. ఒక్కో కార్డు ఒక్కో ఊరిది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి ఆ ఊళ్ళో ఎవరో ఒకరు వాన డబ్బా మూత తీసి, లోపలి సీసాలో చేరిన నీళ్ళను గీతల గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నాయో చూసి కార్డు మీద రాస్తారు. వాళ్ళలో ఎక్కువమంది బడిపంతుళ్ళు, పోస్టుమాస్టర్లు. వాళ్ళు రాసినదాన్ని సరిచూసి, కూడి, మ్యాపు మీదికి ఎక్కించడం నా పని. ఎనిమిదేళ్ళుగా ఇదే చేస్తున్నాను. మా రెండు వైపుల చుట్టాల్లోనూ కాలేజీ మెట్లు ఎక్కినదాన్ని నేనే కాబట్టి మా నాన్న నన్ను పేరు పెట్టి పిలవడు. "డిగ్రీ" అంటాడు. కోపం వచ్చినా డిగ్రీయే, ముద్దొచ్చినా డిగ్రీయే.

మా మ్యాపు మధ్యలో ఉత్తరం నుంచి దక్షిణానికి ఒక కొండల వరస ఉంటుంది. పడమటి నుంచి వచ్చే మబ్బు ఆ కొండను ఆయాసపడుతూ ఎక్కుతుంది. ఎక్కేకొద్దీ చల్లబడి, మోసుకొచ్చిందంతా అక్కడే దించేస్తుంది. అటువైపు వాలులో ఒక్క వానాకాలంలో మూడువేల నాలుగువందల మిల్లీమీటర్లు పడుతుంది. శిఖరం దాటి ఇటువైపు దిగేసరికి మబ్బు చెయ్యి ఖాళీ. మధ్యలో ఆరు కిలోమీటర్లు కూడా ఉండవు, ఇక్కడ నాలుగువందల అరవై. దీన్ని పుస్తకాల్లో వర్షచ్ఛాయ అంటారు. మా ఊరు ఆ నీడలో ఉంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మేము ఆ ఊరు వదిలేశాం. బావి అడుగంటిన రెండో ఏడు నాన్న తన నిమ్మచెట్లన్నీ తనే నరికాడు. ఆ కట్టెల్లో ఒక్కటి కూడా ఇంటి పొయ్యిలో పెట్టనివ్వలేదు. తర్వాత పట్నం వచ్చి బస్సు డిపోలో చేరాడు. రోజుకి ముప్పై బస్సులు కడగాలి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మోకాళ్ళ దాకా తడిసి ఉంటాడు. ఊళ్ళో వాలు మీద రెండెకరాలు ఇప్పటికీ మావే. అమ్మడానికి నాన్న ఒప్పుకోడు, కొనడానికి వచ్చినవాడూ లేడు.

ఆ ఊళ్ళో మా వాళ్ళలో మిగిలింది మా పెద్దమ్మ ఒక్కతే. నాన్నకి వదిన. ఆవిడ పుట్టిల్లు కొండకి అటువైపు, వాన ఎడతెరిపి లేకుండా పడే ఊరు. పదహారో ఏట పెళ్ళయి ఇటు వచ్చింది. పెద్దనాన్న పోయాక కొడుకులు రమ్మన్నా వెళ్ళలేదు. ఊళ్ళో బడి మూతపడి, పంతులుగారు బదిలీ అయినప్పుడు అక్కడి వాన డబ్బాను చూసుకునేవాళ్ళు లేకపోయారు. నేను అప్పుడే ఉద్యోగంలో చేరాను. బడి వెనకే పెద్దమ్మ ఇల్లు, ఆవిడకి అంకెలు వచ్చు. నేనే ఆవిడ పేరు రాసి ఇచ్చాను.

పెద్దమ్మ కార్డు ఒక్క రోజు ఖాళీ ఉండదు. అంకెలు గుండ్రంగా, గీతకి తగలకుండా ఉంటాయి. మిగతావాళ్ళ కార్డులు రెండుసార్లు చూస్తాను. ఆవిడది చూడగానే టిక్కు పెట్టేదాన్ని. పెద్దమ్మ కదా.

పదేళ్ళకోసారి మా ఆఫీసు మ్యాపు కొత్తగా గీస్తుంది. ఈ ఏడాది ఆ పని నాకు వచ్చింది. సమానంగా వాన పడే ఊళ్ళను కలుపుతూ పెన్సిలుతో గీతలు గియ్యాలి. అలా గీస్తూ ఒక మధ్యాహ్నం మా ఊరి దగ్గర ఆగిపోయాను. ఆరేళ్ళుగా ఆ ఊరి వానాకాలం మొత్తం ఏడువందల ఎనభైకి అటూ ఇటూగా ఉంది. మూడుసార్లు కూడి చూశాను. ఎక్కువ వాన పడే ఊళ్ళ గీత మా ఊరిని తనలోకి కలుపుకుని కిందికి దిగింది. 

సరిచూడకుండా నోరు జారకూడదని ఎనిమిదేళ్ళుగా కొత్తవాళ్ళకి చెబుతున్నదాన్ని, ఆ సాయంత్రం ఇంటికెళ్ళి నోరు జారాను.

"నాన్నా, మన ఊళ్ళో వాన పెరిగింది."

నాన్న గుమ్మంలో కూర్చుని కాళ్ళు తుడుచుకుంటున్నాడు. "ఎవరన్నారు?"

"కార్డులు. ఆరేళ్ళుగా ఏడువందల ఎనభై."

"అంకెలు నాకెందుకు. అంటే ఏంటో చెప్పు."

"అంటే నిమ్మ నిలుస్తుంది."

తువ్వాలు ఆయన చేతిలో ఆగిపోయింది. "డిగ్రీ, ఇంకోసారి చెప్పు."

చెప్పాను. లోపల అమ్మ గిన్నెలు తోముతూనే అంది: "వాన పెరిగితే పెరగనీ. బిందెలు మోసిన మెడ నాది. ఇంకా పట్టేస్తూనే ఉంది."

"నిన్నెవరు మొయ్యమన్నారు? వానే మోసుకొస్తుందట."

"ఆహా. అది మోసుకొచ్చేదంతా మీ వదిన పుట్టింటికి. మనకి పంపేది ఖాళీ సంచి."

నాన్న నవ్వాడు. ఆయన అలా నవ్వి ఎన్నాళ్ళయిందో లెక్క పెట్టడానికి నా దగ్గర కార్డులు లేవు.

ఆ రోజు నుంచి ఆయన మాటలు మారిపోయాయి. బస్సు కడుగుతూ కూడా వాలు మీద గట్లు ఎక్కడ వెయ్యాలో ఆలోచిస్తున్నాడని తోటివాళ్ళు వచ్చి చెప్పారు. ఆదివారం నర్సరీకి వెళ్ళి నూట ఇరవై నిమ్మ మొక్కలు తనకోసం పక్కన పెట్టించాడు. పై వారం డిపోలో నోటీసు ఇచ్చేశాడు. నెలాఖరుకి పని మానేస్తానని. మాతో చెప్పింది ఇచ్చాక.

"అడిగితే మీరు వద్దంటారు. అందుకే అడగలేదు" అన్నాడు.

మ్యాపు మా సూపరింటెండెంటుగారి బల్ల మీదికి వెళ్ళింది. ఆయన రిటైరవడానికి ఏడాది ఉంది. కొత్త అంకె దేన్ని చూసినా ముందు వాసన చూస్తాడని ఆఫీసులో వెక్కిరిస్తారు. మా ఊరి దగ్గర ఆయన వేలు ఆగింది.

"అమ్మా, వాన పెరిగితే వాలులా పెరగాలి. ఇది మెట్టులా ఉంది. ఒక మే నెల వరకు ఒక లెక్క, జూన్ నుంచి ఇంకో లెక్క. వానకి అలా ఒక్కసారిగా బుద్ధి రాదు."

"కార్డు రాసేది మా పెద్దమ్మ సార్. ఒక్క రోజు కూడా తప్పదు."

"ఆవిడ తప్పదు, సరే. డబ్బా తప్పిందేమో. తనిఖీ ఎప్పుడు జరిగింది?"

పుస్తకం తీసి చూశాను. ప్రతి ఏడూ సంతకాలు ఉన్నాయి. ఆ సంతకాల సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. తనిఖీకి వెళ్ళినవాళ్ళు బస్సు దిగేచోట కార్డు తీసుకుని, అక్కడే పుస్తకం మీద సంతకం పెట్టి, అదే బస్సులో తిరిగొచ్చేవారు. నేనూ ఆరేళ్ళుగా ఊరికి వెళ్ళలేదు. ఆఫీసు పరీక్షలని, పనులని. పెద్దమ్మే ఎప్పుడైనా పట్నం వచ్చేది.

"మీరే వెళ్ళి రండి" అన్నాడాయన.

నేను సంతోషంగానే వెళ్ళాను. నిజమని చూసి రావడానికి వెళ్తున్నాననుకున్నాను.

బస్సు దిగేసరికి సాయంత్రం నాలుగు. వానాకాలం మధ్యలో ఉన్నాం, అయినా దారిలో దుమ్ము లేచింది. అప్పుడే నాకు అర్థమవాల్సింది. పెద్దమ్మ ఇంటి వెనక, బడి ఆవరణలో, డబ్బా కూర్చోబెట్టే సిమెంటు దిమ్మ ఉంది. దాని మీద డబ్బా లేదు. రోలు ఉంది.

"పెద్దమ్మా, డబ్బా ఏది?"

"పైన ఉంది. పొద్దున్నే ఎక్కుతాంగా, చూద్దువుగాని. ముందు కాళ్ళు కడుక్కో, ఏంటే ఇలా చిక్కిపోయావు. ఆఫీసులో వాన తప్ప ఏమీ పెట్టరా?"

ఆవిడ ముఖంలో దాచుకున్నట్టు ఏమీ లేదు. నేను ఇంకేమీ అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం. చీకటి పడకముందే రోలు పక్కకి దొర్లించి, నా సంచిలోని స్టీలు గ్లాసు తీసి దిమ్మ మీద పెట్టాను.

తెల్లవారి చూస్తే గ్లాసు అడుగున తడి కూడా లేదు.

ఏడున్నరకి బయల్దేరాం. పెద్దమ్మకి అరవై నాలుగేళ్ళు. చేతిలో గీతల గ్లాసు, చంకలో కార్డు ఉన్న అట్ట. నాకంటే ముందు నడిచింది. నేను అడుగులు లెక్కపెట్టాను. మొదటి మూడువందల అడుగులు ముళ్ళ పొదలు, రాళ్ళ మధ్య ఎర్రమట్టి. ఆరువందల దగ్గర గడ్డి మొదలైంది, ముందు పచ్చగా కాదు, ఉందనిపించేలా. ఎనిమిదివందలకి గడ్డి మోకాలికి తగిలింది. వెయ్యి దాటాక రాళ్ళ మీద నాచు. అక్కడ గాలి తీరే వేరు. కొండల మధ్య కనుమ ఉన్న చోటు అది. అటువైపు మబ్బు ఆ సందులోంచి తల దూర్చి, ఒక కిలోమీటరు మేర ఇటువైపుకి ఒలుకుతుంది. అంతకంటే కిందికి రాదు. పదకొండువందల నలభయ్యో అడుగు దగ్గర నా ముఖం మీద చినుకు పడింది.

వెనక్కి తిరిగి చూశాను. కింద మా ఊరు ఎండలో ఉంది.

డబ్బా ఒక బల్లపరుపు రాయి పక్కన, చుట్టూ చిన్నరాళ్ళు పేర్చిన గూటిలో నిటారుగా నిలబడి ఉంది. తుప్పు లేదు. రోజూ తుడుస్తారని తెలుస్తోంది. పెద్దమ్మ మూత తీసి, సీసా పైకెత్తి, గ్లాసులో పోసి, కంటి ఎత్తుకి తెచ్చి చూసింది. నేర్పినట్టే చేసింది.

"ఆరు పాయింటు రెండు. నువ్వూ చూడు."

ఆరు పాయింటు రెండే.

"ఎందుకు మార్చావు పెద్దమ్మా?"

ఆవిడ కార్డు మీద రాసి, ఆరనిచ్చి, అప్పుడు చెప్పింది.

"రెండేళ్ళు కింద పెట్టి చూశానే. ఎనిమిది నెలలు రోజూ మూత తియ్యడం, లోపల పొడి. ఒకసారి సాలీడు గూడు కట్టింది. నువ్వు ఉద్యోగంలో చేరి, నీ చేత్తో నాకప్పగించిన వస్తువు. అది రోజూ నోరు తెరుచుకుని ఆకాశం వంక చూస్తుంటే, దాన్ని పస్తు పెడుతున్నట్టు ఉండేది నాకు. పెంచలేనివాళ్ళకి పిల్లనిచ్చినట్టు. నేను ఎలాగూ పొద్దున్నే ఇక్కడికి వస్తాను. ఇక్కడ నిలబడితే మా పుట్టింటి వైపు వాన వాసన తగులుతుంది. ఒక రోజు దాన్నీ తెచ్చాను. అంతే."

"మాకు చెప్పాలి కదా."

"చెప్పడానికి ఏముంది? ఇదీ మన పొలిమేరే. ఆ గట్టు దాటితే కదా వేరే ఊరు. మన ఊళ్ళో పడిన వాన మన ఊరి కార్డు మీద రాశాను. ఒక్క అంకె అబద్ధం రాశానేమో చూపించు."

చూపించలేకపోయాను. ఆరేళ్ళలో రెండువేల పైచిలుకు అంకెలు, ఒక్కటీ అబద్ధం కాదు. అవన్నీ ఈ రాయి పక్కన పడిన వాన. మా నిమ్మతోట ఉన్న చోటు ఇక్కడి నుంచి కనిపిస్తూనే ఉంది, అరచేతితో మూసేంత దూరంలో. అక్కడ పడని వాన.

నేను రాయి మీద కూర్చుండిపోయాను. జరిగిందంతా చెప్పాను. మ్యాపు, నా పెన్సిలు గీత, నాన్న నోటీసు, నూట ఇరవై మొక్కలు.

పెద్దమ్మ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. "మీ నాన్న వస్తానన్నాడా? ఉండిపోవడానికి?"

"అన్నాడు."

"మీ అమ్మ?"

"గొణుగుతోంది. వస్తుంది."

ఆవిడ కొంగు తలమీదికి లాక్కుంది. చినుకులు కొంచెం పెరిగాయి. "మా వీధిలో సాయంత్రం దీపం వెలిగేది నా ఇంట్లో ఒక్కదాంట్లోనే. మాట్లాడాలంటే కోడితో మాట్లాడాలి. అది నా మాటకి విలువివ్వదు." నా వైపు తిరిగి అంది, "నువ్వు చెప్పకే. రానీ. వచ్చాక వాన సంగతి వాడే చూసుకుంటాడు. మనిషి వచ్చాక మళ్ళీ పోతాడా?"

నాకూ ఆ ఆలోచన వచ్చింది. రాలేదంటే అబద్ధం. డబ్బా ఇక్కడే ఉండనిచ్చి, దిమ్మ బీటలు వారింది కాబట్టి కాస్త జరిపాం, తేడా లేదు అని ఒక ముక్క రాస్తే, సూపరింటెండెంటుగారు కొండ ఎక్కి రారు. గీత నేను గీసినచోటే ఉండిపోతుంది. నాన్న వాలు మీద గట్లు వేసుకుంటాడు. ఒక ఏడు, రెండేళ్ళు.

"మూడో ఏటికి ఎండిపోతాయి పెద్దమ్మా. ఆయన చెట్లు నరికినప్పుడు నువ్వూ అక్కడే ఉన్నావు."

ఆవిడ కిందికి, మా పొలం వైపు చూసింది. తర్వాత వంగి, గూటి చుట్టూ ఉన్న రాళ్ళు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. నేనూ కూర్చుని తీశాను. డబ్బాను ఆవిడే చంకనెత్తుకుంది. ఇవ్వమంటే ఇవ్వలేదు.

దిగేటప్పుడు అడుగులు నేను లెక్కపెట్టలేదు. గడ్డి అయిపోయి ముళ్ళ పొదలు మొదలయ్యే చోట అడిగింది: "ఇక మళ్ళీ సున్నాలేనా?"

"సున్నాలే. సున్నా రాస్తే ఎవరో వచ్చి చూశారని అర్థం. ఖాళీ వదిలితే ఎవరూ చూడలేదని."

"నీకది అంకె తల్లీ. మూత తియ్యాల్సింది నేను."

పట్నం వచ్చి సూపరింటెండెంటుగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మబ్బు కనుమ దాటి ఎంతదాకా ఒలుకుతుందో ముప్పై ఏళ్ళుగా మనకి తెలియదు. ఒక్క డబ్బా కూడా అంత ఎత్తులో లేదు. ఆవిడ తెలియకుండా ఆరేళ్ళు కొలిచింది. కొట్టెయ్యకండి. ఆ అంకెలన్నీ పై గట్టు పేరున రాయండి. మీ ఊరి పేరున ఆరేళ్ళు ఖాళీ. స్టోర్లో పాత డబ్బా ఒకటి ఉంది, అదీ పంపుదాం. రెండూ చూస్తారా ఆవిడ?"

"చూస్తుంది సార్. పైది అడక్కుండానే చూస్తుంది."

"మరి మీ గీత?"

రబ్బరు తీసుకుని నా బల్ల దగ్గరికి వెళ్ళాను. గీతను చెరిపి, కొండ వైపుకి, ఊరికి పైన పదకొండువందల అడుగుల దూరంలో మళ్ళీ గీశాను. ఆ మ్యాపు మీద ఆ తేడా పెన్సిలు మొన మందం కూడా ఉండదు.

ఇంటికెళ్ళేసరికి నాన్న నేల మీద కాగితం పరిచి తోట గీసుకుంటున్నాడు. వరసకి పదిహేను మొక్కలు, ఎనిమిది వరసలు. గట్లు, నీటి దారి.

"రా డిగ్రీ. వదిన ఎలా ఉంది?"

చెప్పుకు వచ్చాను. రోలు దగ్గర మొదలుపెట్టి రబ్బరు దాకా. 

అయ్యాక అడిగాడు. "మరి మన పొలంలో ఎంత పడుతోంది?"

"ఆరేళ్ళుగా అక్కడ ఎవరూ కొలవలేదు నాన్నా."

"అయితే పడలేదనీ తెలియదుగా."

ఈ మాట అంటాడని దారంతా భయపడ్డాను. "చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ కార్డులు ఉన్నాయి. అన్నీ నాలుగువందల్లోనే ఉన్నాయి. వాటిలో మార్పు లేదు. నేను ముందే వాటిని మన ఊరి కార్డు పక్కన పెట్టి చూడాల్సింది. చూడలేదు. నిజం కావాలనుకున్నాను."

ఆయన కాగితం వంక చూస్తూ ఉన్నాడు. "వదిన డబ్బాని చంకనేసుకుని కొండెక్కించిందా?"

"దానికి ఆకలేస్తోందట."

ఆయనకి నవ్వొచ్చింది. "మా అన్న బతికున్నప్పుడూ అంతే. వాన పడేటప్పుడు ఇంట్లో ఖాళీ గిన్నె కనిపిస్తే చాలు, తీసుకెళ్ళి వాకిట్లో పెట్టేది. గిన్నె నిండకపోయినా తడవాలి ఆవిడకి." నవ్వు అయిపోయింది. మళ్ళీ అడిగాడు. "ఆ పైన మనకి భూమి లేదు కదూ?"

"అక్కడంతా రాయి నాన్నా."

"తెలుసు. ఊరికే అడిగాను."

అమ్మ వంటగది గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. నేను చెప్పలేదా అంటుందనుకున్నాను. అనలేదు. "నర్సరీవాడికి నేను చెప్తాలే. రేపు అటే వెళ్తున్నా" అంది. రేపు ఆవిడకి అటు పనేమీ లేదు.

నాన్న తోట కాగితాన్ని తిరగేశాడు. వెనకవైపు తెల్లగా ఉంది. నా ముందుకి జరిపాడు.

"డిపో మేనేజరుకి రాయి. నోటీసు వెనక్కి తీసుకుంటున్నానని."

రాశాను. అయ్యా అని, ఫలానా తేదీన ఇచ్చిన నోటీసును రద్దు చేసుకుంటున్నానని, దయచేసి నన్ను పనిలో కొనసాగించమని.

"కారణం రాయాలి నాన్నా. లేకపోతే ఒప్పుకోరు. ఏం రాయను?"

"వాన పడలేదని రాయి."

"బస్సు డిపోకి వానతో ఏం సంబంధం అంటారు."

"మేనేజరు అంటే అంటాడు. అది చదివి ఆయన ముందు పెట్టే గుమాస్తా అనడు. కడిగేవాళ్ళు అనరు. అక్కడ సగంమంది వాన పడకే వచ్చారు."

వాన పడనందువల్ల అని రాసి, కాగితం ఆయన వైపు తిప్పాను. ఆయన వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుని చదివి, కింద సంతకం పెట్టాడు.